ముందు ఎవరి చెయ్యి

మా కోడలి ఉంగరం పోయి నాలుగు రోజులైంది. వంటింట్లో కొత్తగా వేయించిన నల్లరాతి గట్టు దగ్గర నిలబడి, కడిగిన చెయ్యి తుడుచుకోకుండానే దానిమీద ఆనించి మాట్లాడుతున్నాను. "పనిపిల్ల తప్ప ఇంకెవరు వచ్చారు అత్తయ్యా మన ఇంట్లోకి?" అంది కోడలు. అది ప్రశ్న కాదు. నేను ఊఁ అంటే చాలు, మిగతాది తను చూసుకుంటుంది. నాకూ లోపల అలాగే అనిపిస్తోంది. "అదేనేమో" అనబోయాను. అరచేతి కింద రాయి చల్లగా, తడిగా తగిలింది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. దానితోపాటు మాట కూడా ఆగిపోయింది. షాకు కొట్టిందా అని కంగారుపడింది కోడలు. "లేదమ్మా, ఒక సాయిబుగారు గుర్తొచ్చారు" అన్నాను. ఎనభై దాటిన మనిషి ఇలాంటి జవాబిస్తే ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మామూలే.

ఆయన పేరు ఖాశిం. ఊరంతా సాయిబు మాస్టారు అనేవారు. పర్చూరుకి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఒక పల్లెలో ఆయన హెడ్మాస్టరు, నేను ఆయన కింద టీచర్ని. ఊరి పేరు చెప్పను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. అప్పుడది గుంటూరు జిల్లా. తరవాత ప్రకాశం అన్నారు, ఇప్పుడు బాపట్ల అంటున్నారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. మాది చీరాల, మగ్గం ఇల్లు. ట్రైనింగు పూర్తి చేసి, ఇరవై ఏళ్ల వయసులో, పంతొమ్మిది వందల అరవై ప్రాంతాల్లో ఆ బడికి వెళ్లాను. బడి అంటే ఒకటే పొడుగాటి గది. మధ్యలో తడిక. ఇవతల నా ఒకటీ రెండూ తరగతులు, అవతల ఆయన మూడు నుంచి ఐదు. ఆయన చెప్పే ప్రతి మాటా తడికలోంచి నాకు వినిపించేది. నా పాఠం ఆయనకు వినిపించేది. మొదటి వారం అదే నాకు పెద్ద శిక్షగా ఉండేది.

ఆయనకప్పుడు యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యని తెల్ల చొక్కా. పిల్లల్ని కొట్టేవారు కాదు గానీ, అంతకంటే ఇబ్బంది పెట్టే అలవాటు ఒకటుండేది. పిల్లవాడు పాఠం తప్పు చెబితే దిద్దేవారు కాదు. "బాగుంది, ఇంకోసారి చెప్పు" అనేవారు. రెండోసారి కూడా అదే తప్పు చెబితే సంతోషించేవారు. నాకిది వింతగా ఉండి ఒకరోజు అడిగాను. "ఒప్పు ఎవరైనా చెబుతారమ్మాయ్, పుస్తకంలో ఉంది కాబట్టి. తప్పు మాత్రం వాడి బుర్రలోంచి వచ్చింది. పదిమంది ఒకేచోట జారారంటే అక్కడ నేల వాలుగా ఉందని అర్థం" అన్నారు. ఆ వాలు ఎటు ఉందో వెతకడమే ఆయన జీవితమంతా చేసిన పని. దానికి ఆయనకు ఎవరూ జీతం ఇవ్వలేదు.

బడి ఆవరణలో ఒక మూల పాత గానుగ రాయి ఉండేది. ఒకప్పుడు అక్కడ గానుగ ఆడేదట. పర్చూరులో నూనె మిల్లు వచ్చాక గానుగ మూలపడింది. కర్రలు పొయ్యిలోకి పోయాయి, రాయి మిగిలింది. ఎవరో దాన్ని బోర్లించారు. మోకాలెత్తు, నల్లగా, ఏళ్ల తరబడి నువ్వులనూనె తాగి నిగనిగలాడుతూ ఉండేది. పిల్లలు దానిమీద కూర్చుని జామకాయలు తినేవారు. ఇంతకుమించి దానికి ఏ చరిత్రా లేదు.

నేను చేరిన ఏడాది, వరసగా మూడు రోజులు మాస్టారు ఐదో తరగతి పిల్లలకు ఆ రాయి గురించి మూడు కథలు చెప్పారు. మొదటి రోజు నిజం చెప్పారు. ఈ రాయిని వినుకొండ వైపు నుంచి బండిమీద తెచ్చారు, దారిలో ఇరుసు విరిగితే రెండు రోజులు ఆగారు, అని. రెండో రోజు, ఈ రాయి ఎగురుతుంది, మబ్బుల్ని మేస్తుంది, తొమ్మిది భాషలు మాట్లాడుతుంది, మంగళవారం చేప అవుతుంది, దానికి పదహారుమంది పెళ్లాలు, అని. పిల్లలు పడీపడీ నవ్వారు, తడిక ఇవతల మా పిల్లలు కూడా. మూడో రోజు గొంతు తగ్గించి చెప్పారు. "ఇది అన్ని రాళ్లలాంటి రాయే. కదలదు, మాట్లాడదు. కానీ వింటుంది. దీనిమీద చెయ్యి పెట్టి ఎవరైనా అబద్ధం చెబితే దీనికి చెమట పడుతుంది. అంతే." ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

నెల తిరిగాక ఆ మూడు కథలూ మళ్లీ చెప్పమన్నారు. బండి కథ ఇద్దరికి గుర్తుంది. అదీ ఇరుసు విరగడం వరకే, వినుకొండ ఎవరికీ జ్ఞాపకం లేదు. రెండో కథ దగ్గర పెద్ద తగువే అయింది. చేప కాదు పిట్ట అని ఒకడు, పెళ్లాలు ఆరుగురే అని ఇంకొకడు. మూడో కథ మాత్రం ఇరవై రెండుమందీ ఒక్కలాగే చెప్పారు. ఒకడు తన మేనమామ ఆ చెమట కళ్లారా చూశాడని కూడా చెప్పాడు.

"చూశావా అమ్మాయ్" అన్నారు మాస్టారు ఆ మధ్యాహ్నం, అన్నం గిన్నె ముందు పెట్టుకుని. "బుర్ర అంటే జల్లెడ. మామూలు సంగతి మట్టిలాగా కిందికి జారిపోతుంది. మరీ విడ్డూరాన్ని రాయి ఏరినట్టు ఏరి పారేస్తుంది. అన్నీ మామూలుగా ఉండి ఒక్క మెలిక ఉన్నది మాత్రం నిలుస్తుంది."

"మెలికగా రాయి వినడాన్నే ఎందుకు పెట్టారు మాస్టారూ?"

"వినేవాళ్లు లేనిచోట మనిషి ఉండలేడు. రాయైనా సరే వినాలి. అందులోనూ మన అబద్ధాలు, దొంగతనాలు పట్టించుకునే రాయి అయితే మరీ ముద్దు. నువ్వు కూర ఎలా చేస్తావో తెలిసిన దేవుడి గురించి ఎవరూ చెప్పుకోరు. నువ్వు కూరలో ఎవరి కొబ్బరికాయ దొంగిలించి వేశావో తెలిసిన దేవుడి గురించైతే ఊరంతా చెప్పుకుంటారు."

నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. పది రోజుల తరవాత నా తరగతిలో ఒక పిల్ల బలపం పోయింది. పక్కపిల్ల తీసిందని అనుమానం. నాకు అనుభవం లేదు, ఓపికా లేదు. ఆ పిల్లను రాయి దగ్గరికి తీసుకెళ్లి, "దీనిమీద చెయ్యి పెట్టి, తియ్యలేదని చెప్పు" అన్నాను. పిల్ల బావురుమని ఏడ్చి, జాకెట్లోంచి బలపం తీసి ఇచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అప్పటినుంచి వారానికొకసారి ఎవరో ఒకరిచేత చెయ్యి పెట్టించడం అలవాటైంది.

మాస్టారు నెల రోజులు చూసి, ఒక సాయంత్రం బడి వదిలాక నన్ను ఆపారు. ఆయన కోపంగా ఉండగా నేను చూసింది అదొక్కసారే. "నేను కథ చెప్పాను. అది గాలి, ఎటో పోయేది. నువ్వు దానికి చెయ్యి తగిలించావు. చెబితే కథ, చేయిస్తే ఆచారం. పిల్లలు మనం చెప్పింది నమ్మరమ్మాయ్, మనం చేసింది నమ్ముతారు. టీచరమ్మే అక్కడిదాకా నడిచి వెళ్లిందంటే అందులో ఏదో ఉందనుకుంటారు." నేను ఏడ్చినంత పనిచేశాను. ఆయన కాస్త మెత్తబడి, "నీది చిన్న తప్పు. ముందు ఆడుకున్నది నేను" అన్నారు. నేను చెయ్యి పెట్టించడం మానేశాను. పిల్లలు మానలేదు. మేం లేనప్పుడు వాళ్లలో వాళ్లే పెట్టించుకునేవారు.

మరుసటి ఏడాది మాఘంలో, మిరపకాయ కోసి కళ్లాల్లో ఎర్రగా పరిచి ఉన్న సమయంలో, అకాల వర్షం వచ్చింది. ఆ రోజు ఉదయం నుంచీ ఉక్కపోత. రాయికి చెమట పట్టింది. పట్టక ఏం చేస్తుంది, నూనె తాగిన నల్లరాయి. ఆ రోజు మా ఇంట్లో ఇత్తడి బిందెకూ పట్టింది. బిందెకు ఎవరూ పసుపు పూయలేదు. బడికి వచ్చిన పిల్లలు రాయిని చూసి ఇళ్లకు పరిగెత్తి చెప్పారు. పెద్దవాళ్లు పట్టించుకోలేదు. సాయంత్రం వాన కురిసి సగం ఊరి కాయ నానిపోయింది. తెల్లారేసరికి రాయికి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. 'తల్లి చెప్పింది, మనమే వినలేదు' అన్నారు. రెండు నెలలు తిరక్కుండా దానికి గానుగమ్మ అని పేరు కూడా వచ్చింది.

"నష్టం వచ్చినప్పుడు మనిషి ఎలా వచ్చిందని అడగడు, ఎవరు తెచ్చారని అడుగుతాడు" అన్నారు మాస్టారు, బడి ఆవరణలో వెలిగిన దీపాన్ని చూస్తూ. ఆయన మొహంలో నవ్వు లేదు.

ఆయన ఐదుపూటలా నమాజు చేసే మనిషి. పీర్ల పండక్కి ఊళ్లో హిందువులూ ముస్లిములూ కలిసి పీర్లను ఎత్తుకుంటే ముందు నడిచేవారు. ఒకసారి నేను చనువు తీసుకుని అడిగేశాను. "మరి మీరు నమ్మేది కూడా ఇలాగే తయారైందేమో అనిపించదా మాస్టారూ?" అడిగాక భయం వేసింది. ఆయన కోప్పడలేదు. "ఆ ప్రశ్న రోజూ ఐదుసార్లు నేనే అడుక్కుంటున్నాను. ఇవాళ నువ్వు ఆరోసారి అడిగావు" అన్నారు. ఇంతకంటే ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

మూడో ఏడాది మిరప కోతల్లో అసలు సంగతి జరిగింది. వీరయ్యగారని ఊరికి పెద్ద రైతు. చెడ్డవాడు కాదు. బడి గోడ కూలితే సొంత బండ్లమీద రాయి తోలించి కట్టించాడు. ఆయన భార్య చెవి కమ్మ ఒకటి కళ్లంలో పోయింది. ఆ రోజు కళ్లంలో పనిచేసినవాళ్లలో నాంచారమ్మ ఉంది. నాంచారమ్మ మా పక్క గుడిసెలో ఉండేది. మొగుడు పోయాడు, చంటిపిల్ల ఉంది. కాయ ఏరడానికీ తొడిమలు తియ్యడానికీ కళ్లాలకు పోయేది. కాయ మంటకు అరచేతులు ఎప్పుడూ ఎర్రగా కమిలి, చెమట కారుతూ ఉండేవి. పైగా పురిటిలో జ్వరం వచ్చినప్పటినుంచి కుడిచెయ్యి సన్నగా వణికేది. ఆ కమ్మ తీసింది ఆమేనని వీరయ్యగారి ఇంట్లో అనుకున్నారు. ఆదివారం నాడు తీర్పు చెప్పేశారు. శుక్రవారం పొద్దున గానుగమ్మ మీద చెయ్యి పెట్టి తియ్యలేదని చెప్పాలి. చెమట పడితే ఇక ఊళ్లో ఏ కళ్లంలోనూ అడుగు పెట్టనివ్వరు.

ఆ సాయంత్రం నాంచారమ్మ మా అరుగు మీద కూర్చుని చెయ్యి చూసుకుంటోంది. "నేను తియ్యలేదు టీచరమ్మా. తల్లికి తెలుసు. కానీ ఈ చెయ్యి చూడండి, ఊరికే ఉన్నా వణుకుద్ది. రాయి తడవకపోయినా నా చెయ్యే తడిపిద్ది. కళ్లాలు పోతే పిల్లకు ఏం పెట్టను?" అంది. ఆకాశంలో మబ్బు. నాలుగు రోజులుగా పోవడం లేదు. రాయి అప్పటికే తడిగా ఉందని ఊరికంతా తెలుసు. ఆ రాయి మీద మొదట చెయ్యి పెట్టించింది నేనే. లేచి వెళ్లి మాస్టారికి చెప్పాను.

మాస్టారు వెంటనే బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. వీరయ్యగారి అరుగు మీద నలుగురు పెద్దమనుషులున్నారు. మాస్టారు నిలబడే చెప్పారు. "వీరయ్యగారూ, ఆ రాయి కథ నేను అల్లింది. ఐదో తరగతి పిల్లలకు చెప్పాను. ఈ టీచరమ్మ విన్నది. అందులో నిజం లేదు. ఆ మనిషిని వదిలెయ్యండి."

వీరయ్యగారు మర్యాదగానే అడిగాడు. "మీరు అల్లారా? సరే. ఊళ్లో ఇన్ని రాళ్లుంటే ఆ రాయే మీకెందుకు తట్టింది మాస్టారూ?"

 గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటున్న వీరయ్యగారి తల్లి తల ఎత్తింది. డెబ్భై ఏళ్ల మనిషి, ఊళ్లో ఆమె మాటకు ఎదురు లేదు. "తల్లి ఎవరి నోట పలకాలనుకుంటే వాళ్ల నోట పలుకుద్ది నాయనా. సాయిబు నోట మన అమ్మ పలికిందంటే మహిమ కాక ఇంకేంది?" అంది. నలుగురు పెద్దమనుషులూ తలలు ఊపారు. ఒకాయన లేచి మాస్టారికి నమస్కారం కూడా పెట్టాడు.

తిరిగి వస్తూ సైకిలు తోసుకుంటూ ఆయన, "నిజం చెప్పి ఇంకా గట్టిపరిచి వచ్చాం" అన్నారు. కాలవగట్టు దగ్గర ఆగారు. "గండి పడ్డాక నీటికి అడ్డం నిలబడితే మనమే కొట్టుకుపోతాం. పక్కన కాలవ తవ్వాలి. కథకు ఇంకో ముక్క అతకాలి."

"ఇంకో అబద్ధమా మాస్టారూ?"

"అవును. శుక్రవారం లోపల నాంచారమ్మ చెయ్యి వణకడం మానుతుందా? మబ్బు పోతుందా? పోతుందంటే చెప్పు, మానేద్దాం."

నేను తలెత్తి మబ్బు చూశాను. ఆయన గట్టు మీద కూర్చుని, పాఠం తయారు చేసుకున్నట్టు ఆ ముక్క తయారు చేశారు. 'నింద వేసేవాళ్లు ఆలోచించి వెయ్యాలి' అందామా అన్నాను. "అది నీతి. నీతిని ఎవరూ ఇంటికి మోసుకుపోరు" అన్నారు. చివరికి ఇలా నిలిచింది. గానుగమ్మ దగ్గర నింద వేసినవాళ్లు ముందు చెయ్యి పెట్టాలి. పెట్టకుండా ఎదుటివాళ్ల చేత పెట్టిస్తే, ఆ చెమట వాళ్ల కళ్లంలో కాయకు పడుతుంది. కాయంతా తాలవుతుంది. తాలంటే తెల్లబడి, ఎవరూ కొనని కాయ. ఆ ప్రాంతంలో రైతుకు పీడకల వస్తే తాలుకాయే కనిపిస్తుంది.

సోమవారం ఉదయం తడిక అవతల ఆయన చెప్పారు, ఇవతల నేను చెప్పాను. ఇది చాలా పాత పద్ధతి, పోయినసారి చెప్పడం మర్చిపోయాను, అని మొదలుపెట్టాను.  తడిక అవతల ఆయన గొంతు ఒకచోట ఆగింది. అప్పటిదాకా పిల్లల ముందు నేను తెలిసి అబద్ధమాడలేదు.

బుధవారం మా ఇంటావిడ, నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు, బావి దగ్గర నీళ్లు తోడుతూ నాకే చెప్పింది. "నువ్వు పైఊరిదానివి, నీకు తెలవదులే. ముందు నింద వేసినవాళ్లే పెట్టాల. వెనకటికి పక్కూళ్లో ఎవడో పెట్టకుండా పెట్టిస్తే, రాత్రికి రాత్రి బస్తాలు బస్తాలు తాలైపోయినియ్యంట." బస్తాల సంగతి మేం చెప్పలేదు. పక్కూరూ మేం చెప్పలేదు. నేను బిందె ఎత్తుకుని ఇంట్లోకి వచ్చి కాసేపు తలుపు దగ్గర కూర్చున్నాను. భయం వేసింది. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి, కాస్త గర్వంగా కూడా అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే బడి ఆవరణ నిండిపోయింది. మబ్బు అలాగే ఉంది. రాయి మీదినుంచి సన్నటి ధార కూడా కనిపిస్తోంది. మాస్టారు జుమ్మా నమాజుకు పర్చూరు వెళ్లాలి. సైకిలు గోడకు ఆనించి నిలబడ్డారు గానీ కదల్లేదు. నాంచారమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చింది. తలస్నానం చేసి ఉంది. కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. వీరయ్యగారు, "పెట్టు మరి" అన్నాడు. ఆమె చెయ్యి బయటికి తీసింది. అందరూ ఆ వణుకు చూశారు. నేను కళ్లు దించుకున్నాను.

"ఆగరా" అంది వీరయ్యగారి తల్లి. "నింద వేసింది మనం. ముందు నువ్వు పెట్టాల."

"ఎవరు చెప్పారే అమ్మా?"

"ఒకళ్లు చెప్పేదేంది? నా చిన్ననాటినుంచి ఉన్న పద్ధతేగా ఇది. మా అమ్మమ్మ కూడా చెప్పేది. కళ్లం నిండా కాయ పరుచుకుని ఆటలాడతావా?"

గానుగమ్మ పుట్టి అప్పటికి ఏడాది. ఆ పద్ధతి పుట్టి నాలుగు రోజులు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన నేలవైపు చూస్తున్నారు. వీరయ్యగారు రాయి దగ్గరికి రెండడుగులు వేశాడు. చెయ్యి ఎత్తాడు కూడా. పైన మబ్బు చూశాడు, రాయి మీది ధార చూశాడు. నాంచారమ్మ కమ్మ తియ్యడం ఆయన చూడలేదు, ఆ సంగతి ఆయనకు తెలుసు. "కళ్లంలో ఎక్కడో రాలి ఉంటదిలే. కాయ ఎత్తినప్పుడు దొరుకుద్ది. పనికి రా నువ్వు" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. జనం పలచబడ్డారు. కమ్మ దొరికిందా అని మీరడుగుతారు. దొరకలేదు.

అందరూ వెళ్లాక నాంచారమ్మ రాయి ముందు సాష్టాంగపడింది. లేచి మా ఇద్దరి దగ్గరికి వచ్చింది. మాస్టారికి కృతజ్ఞత చెబుతుందేమో అనుకున్నాను. "చూశారా మాస్టారూ, తల్లి నన్ను కాపాడింది. మీరేమో అబద్ధమంటిరి" అంది. ఆయన, "నిజమేనమ్మా, పొరపాటున అన్నాను" అన్నారు. ఆమె మరునాటినుంచి రోజూ సాయంత్రం ఆ రాయికి దీపం పెట్టింది.

నేను ఆ బడిలో ఇంకో ఏడాదే ఉన్నాను. బదిలీ అయ్యి వెళ్లే రోజున ఆయన్ను అడిగాను, ఆ సంగతి ఎప్పుడైనా బాధపెడుతుందా అని. "మొదటి అబద్ధం ఆటకు చెప్పాను. రెండోది అవసరానికి చెప్పాను. సిగ్గుపడేది మొదటిదానికే. రెండోదాన్ని గురించి పైన లెక్క చెప్పుకుంటాను, అక్కడ ఒప్పుకోకపోతే ఏ శిక్షైనా పడతాను" అన్నారు. ఆ తరవాత రెండు ఉత్తరాలు వచ్చాయి. మూడోది వాళ్ల అబ్బాయి రాశాడు, నాన్న పోయారని. అప్పుడు నేను పెదకాకానిలో పనిచేస్తున్నాను. ఉత్తరం చదువుకుని బడికి వెళ్లాను. ఆ రోజు ఏ పిల్లవాడు ఏ తప్పు చెప్పినా దిద్దలేదు.

కొన్నేళ్ల కిందట పర్చూరులో పెళ్లికి వెళ్లి, ఆటో మాట్లాడుకుని ఆ ఊరు చూసివచ్చాను. బడి వేరేచోటికి మారింది. రాయి ఉన్నచోటే ఉంది. చుట్టూ టైల్స్, పైన రేకులు, ఒక హుండీ. పసుపు కింద నలుపు కనిపించడమే లేదు. నడివయసు మనిషి ఒకామె అక్కడి పనులు చూసుకుంటోంది. "ఎప్పుడన్నా వచ్చారా అమ్మా ఇంతకుముందు?" అని అడిగింది. నా సంగతులన్నీ ఏం చెబుతాంలే అని, "లేదమ్మా, ఇదే మొదలు" అన్నాను. ఆమె కథంతా చెప్పింది. వెనకటి రాజుల కాలంలో ఒక సాయిబు ఇక్కడ గానుగ ఆడిస్తుంటే తల్లి అతని నోట పలికిందట. ఖాశిం అనే పేరు లేదు, బడి లేదు, మిరపకాయల్ని నానబెట్టిన వాన లేదు, నేను అసలే లేను. బండి ఇరుసు ఎప్పుడో పోయింది. ఆయన ఉంటే ఎంత మురిసిపోయేవారో. 'బాగుంది, ఇంకోసారి చెప్పు' అనేవారు.

"నింద వేసినవాళ్లు ముందు పెట్టాలండీ. అది మాత్రం తప్పదు" అంది ఆమె. "చుట్టుపక్కల ఊళ్లనుంచి తగువులతో వస్తారు. మొగుడూ పెళ్లాలు, అన్నదమ్ములు. ముందు ఎవరు పెట్టాలనేసరికి సగంమంది ఇళ్లకు పోతారు. నేను వచ్చినకాడినుంచి చెయ్యి పెట్టిందాకా వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో." తరవాత నన్ను ముందుకు పిలిచింది. "మీరూ చెయ్యి పెట్టి మొక్కుకోండమ్మా."

నేను చెయ్యి చాపాను. ఆ రాయి మహిమ ఏ గదిలో పుట్టిందో, ఏ కాలవగట్టు మీద పెరిగిందో తెలిసినవాళ్లలో ఈ భూమ్మీద మిగిలింది నేనొక్కదాన్నే. దానికీ నాకూ మధ్య దాపరికం ఏముంటుంది? రాయికి జానెడు దూరంలో, 'ఇదే మొదలు' అని ఇంతకుముందే చెప్పిన మాట గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని దూరంనుంచే దణ్ణం పెట్టాను. ఆటోవాడు తొందరపెడుతున్నాడని ఆమెకు ఇంకో అబద్ధం చెప్పాను.

వంటింట్లో కోడలు మళ్లీ అడిగింది. "ఏమంటారు అత్తయ్యా? పిలిచి గట్టిగా అడగమంటారా?"

"ఆ పిల్ల తీస్తుంటే నువ్వు చూశావా?"

"లేదు."

"నేనూ చూడలేదు. ఇంకోసారి వెతుకుదాం."

రెండు రోజులు వెతికాం. ఉంగరం దొరకలేదు. ఇక దొరుకుతుందని కూడా నేను అనుకోవడం లేదు. పనిపిల్ల ఇవాళ పొద్దున మామూలుగానే వచ్చింది. గిన్నెలు తోమి, తడిచెయ్యి ఆ నల్లరాతి గట్టు మీద ఆనించి, "కాఫీ పెట్టమంటారా అమ్మమ్మగారూ?" అని అడిగింది. పెట్టమన్నాను.